తెరచాపకు తొండం తాడు

మోట కొట్టేవాడికి నీతి ఒక్కటే. తాడు వదలకూడదు. ఎద్దులు బెదిరినా, కాలు జారినా, కాళ్ళ సందున పాము పాకినా సరే, వదలకూడదు. వదిలాడా, నీళ్ళు నిండిన తోలు బొక్కెన బావిలోకి దూకుతుంది, దాని వెంట మోకు పోతుంది, మోకు వెంట కాడి, కాడి వెంట బంగారమంటి ఎద్దులు. బుచ్చయ్య ముప్పై అయిదేళ్ళు ఈ ఒక్క నీతి మీదే బతికాడు. ఎద్దులు వాలు దిగుతుంటే ఎగిరి మోకు మీద కూర్చుని, తన బరువు కూడా వాటికి సాయమిచ్చి, ఊరంతా వినేటట్టు పాట అందుకునేవాడు. ఈదులగడ్డలో ఆయనను వట్టి బుచ్చయ్య అనేవాళ్ళు లేరు. మోట బుచ్చయ్య అంటేనే ఎవరికైనా తెలిసేది.

అట్లాంటి మనిషికి బావే లేకుండా పోయింది. కేతేపల్లి దగ్గర మూసీకి అడ్డంగా కట్ట లేచింది, గేట్లు దిగాయి, ఏరు వెనక్కి తిరిగి పొలాల మీదికి వచ్చి కూర్చుంది. బావి, బావి గడ్డన తుమ్మచెట్టు, ఎద్దులు నడిచిన వాలు, అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. బదులుగా సర్కారు మిట్ట మీద చెలక ఇచ్చింది. చెలకలో వాన పడితే జొన్న పండుతుంది, పడకపోతే రాళ్ళు పండుతాయి. అక్కడ మోట ఎక్కడ కడతాడు? ఎద్దులను బావమరిది తోలుకుపోయాడు. మోకు, తొండం తాడు, రెండు కొయ్య గిలకలు మాత్రం ఇంట్లో దూలానికి వేలాడుతున్నాయి. వాటికి బుచ్చయ్య వారం వారం ఆముదం రాస్తున్నాడు.

"కన్నబిడ్డల నెత్తికి గూడ గింత నూనె వెట్టలె నువ్వు," అనేది ఆయన భార్య రామమ్మ.

"ఎండితే పగుల్తయే."

"పగిలితే ఏమాయె? పొయ్యిలకైన పనికొస్తయి. లే, లేచి చెలకల రాళ్ళన్న ఏరిపో."

బుచ్చయ్య లేచేవాడు కాదు. రాళ్ళేరడం పనా? అరుగు మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూసేవాడు. ఏడాదిగా ఇదే వరస. మనిషి చిక్కిపోలేదు, జబ్బు పడలేదు, కానీ పాట మాత్రం ఆగిపోయింది. రామమ్మ నోటితో ఎంత తిట్టినా, ఆ పాట ఆగిపోయినందుకు ఆమెకు లోపల దిగులుగానే ఉండేది.

ఇట్లా ఉండగా ఆషాఢంలో ఒకనాడు పొద్దున్నే గొర్రెల భిక్షం ఉరుక్కుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, బుచ్చయ్యకు ఊరి వరసన అల్లుడు.

"మామా, పడవ పోతాందట."

"రోజూ పోతనే ఉన్నది గదరా. కొత్తేముంది?"

"గట్ల గాదు. లారీల ఏసుకొని పోతరట. సోమవారం లారీ వస్తాంది."

ఈ పడవ సంగతి కొంచెం చెప్పాలి. నీళ్ళ లోతు కొలవడానికని ప్రాజెక్టు వాళ్ళు ఒక చిన్న పడవ తెచ్చారు. నడుమ నిట్రాడంత కొయ్య, దానికి తెల్లటి తెరచాప, తెరచాప కింది అంచున అడ్డంగా ఒక వాసం. పడవ అడుగున చేప రెక్కను తిరగేసి అతికించినట్టు బరువైన ఇనుప పలక. కొలత పని అయిపోయాక, పోనీలే పాపమని ఓవర్సీయరు రఘుపతి దాన్ని ఈదులగడ్డ వాళ్ళకు వాడుకోమని వదిలాడు. కట్ట మీదుగా చుట్టి పోతే కేతేపల్లి ఏడు మైళ్ళు, నీళ్ళ మీద అయితే చుట్ట కాల్చినంత సేపు. అంగడికి పోయేవాళ్ళు, దవాఖానకు పోయేవాళ్ళు, కూతుళ్ళ ఇళ్ళకు పోయేవాళ్ళు, అందరికీ ఆ పడవే దిక్కు అయింది. కొలతల వాళ్ళ దగ్గర కూలి చేసినప్పుడు చుక్కాని పట్టడం నేర్చుకున్న భిక్షం, వాడి తమ్ముడు ఐలేశం కలిసి నడిపేవాళ్ళు. చుక్కాని భిక్షానిది, తెరచాప తాడు ఐలేశానిది.

ఆషాఢం గాలి వచ్చేదాకా అంతా బాగానే ఉంది. పడమటి గాలి లేచేసరికి వాసం చివర కట్టిన ఆ ఒక్క తాడు ఐలేశం చేతుల్లోంచి రయ్యిన జారి, అరచేతి తోలు వలిచేసింది. పడవ ముగ్గురు ఆడవాళ్ళతో సహా కట్ట వైపు కొట్టుకుపోయి, మునిగిన తుమ్మల కొమ్మల్లో చిక్కుకుంది. ఐలేశం ఇంటికొచ్చి, చేతికి పసుపు కట్టుకుని, ఈ జన్మలో ఆ తాడు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. సంగతి రఘుపతి చెవిన పడింది.

"రెండు పేర్లు రాసుకుంటడట సారు," అన్నాడు భిక్షం. "చుక్కానికి ఒకటి, తాడుకొకటి. ఆ ఇద్దరే జవాబుదారులట. శుక్రవారం తనే వచ్చి కూసుంటడట పడవల, ఇటుకెల్లి అటు దాకా. సక్కగ దాటిస్తె పడవ ఉంటది, లేకుంటే లారీ ఎక్కుతది. చుక్కానికి నేనున్న. తాడుకు ఎవ్వలు లేరు మామా. ఊరంత అడిగిన. అందరు ఐలేశం చెయ్యి చూసి దండం వెడుతున్నరు."

బుచ్చయ్య అరుగు దిగి రేవుకు పోయాడు. ఒడ్డున కట్టేసిన పడవ మీద భిక్షం తెరచాప విప్పాడు. గాలి పట్టింది. బుచ్చయ్య తాడు అందుకున్నాడు. అది ఆయనను రెండడుగులు ఈడ్చింది. మడమలు తన్ని నిలబడ్డాడు. భుజాలు బిగిశాయి, నడుము వంగింది, ముఖం ఎర్రబడింది, పళ్ళన్నీ బయట పెట్టి నవ్వాడు. ఏడాది తరువాత ఆయన చేతికి ఎదురు బలం తగిలింది. ఆ సంతోషం ఆయన దాచుకోలేదు.

"ఓరి నీ! కోడె లెక్క గుంజుతాంది గదరా! మరి గిలకేదిరా దీనికి?"

"పైన ఉన్నది గది. చాప లేపేటందుకు."

"లేపేటందుకు గాదు, పట్టేటందుకు. గింత గుంజే దాన్ని ఉత్త చేత్తోటి పడతరా ఎవరన్న? మనం బావిల నీళ్ళు ఉత్త చేత్తోటే తోడినమా? తెలివి లేనోళ్ళు చేసిండ్రు దీన్ని. తాడు మనిషి దొరికిండని చెప్పుపో మీ సారుకు."

ఆ పూటే దూలం మీది గిలకలు దిగాయి. బుచ్చయ్య లెక్క తేలికైనదే. ఒక గిలక వాసానికి వేలాడాలి, ఒకటి పడవ వెనక అడుగున బిగియాలి. తాడు కిందికీ పైకీ తిరిగి చేతికి రావాలి. తిరిగిన కొద్దీ బరువు పంచుకుపోతుంది. ఇది చదువుకుని తెలుసుకున్నది కాదు, ఎద్దుల మెడలు చూసి తెలుసుకున్నది.

లెక్క బాగానే ఉంది కానీ, గిలకలు బాగా లేవు. అవి తుమ్మ మొద్దుతో చేసినవి. ఒక్కొక్కటి చంటిపిల్లంత బరువు. పెద్దదాన్ని వాసానికి కట్టి తెరచాప లేపాడో లేదో, వాసం వంగి దబ్బున దిగి భిక్షం తలపాగాను నీళ్ళలో పడేసింది. తలకాయ ఆవగింజంత దూరంలో తప్పించుకుంది. పైగా మోకు మణికట్టంత లావు, తడిస్తే తొడంత. అది గిలకలో దూరి ఇరుక్కుని, ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు.

ఒడ్డున బట్టలు పిండుతున్న రామమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

"ఇగో," అంది. "పడవకు గిలక కట్టినవా, గిలకకు పడవ కట్టినవా?"

"నోరు మూస్కో. చేతనైతే చెప్పు."

"చెప్తే ఇంటవా? చేదబావి గిలకలు లేవా ఇనుపయి? పిడికెడంత ఉంటయి, పొద్దంత తిరుగుతయి. మోకెందుకు, తొండం తాడు లేదా సన్నంది?"

బుచ్చయ్య కొయ్య గిలకను విప్పడం మొదలుపెట్టాడు. అంటే ఆమె మాట నిజమని అర్థం. తోలు బొక్కెనకు కింద తొండం ఉంటుంది, దాన్ని మూసి తెరవడానికి బొటనవేలంత తాడు ఒకటి ఉంటుంది. జనుముతో ఆయనే పేనింది. చిన్నది కాబట్టి దాన్ని ఆయన ఎన్నడూ గొప్పగా చూడలేదు. ఇప్పుడు తీసి చూస్తే ఇనుప గిలక గాడిలో అచ్చంగా అతికినట్టు కూర్చుంది.

ఒక గిలక సొంత ఇంటి చేదబావిది. రెండోది పక్కింటి గోపమ్మది. అది ఊరికే వచ్చిందనుకునేరు. "నా నీళ్ళెవరు తోడుతరు? నీ మొగడా?" అని గోపమ్మ ఒక గంట పోట్లాడింది. పడవ పోతే కేతేపల్లిలో ఉన్న కూతురిని చూడ్డానికి ఏడు మైళ్ళు నడవాలని రామమ్మ గుర్తుచేశాక, గిలకతో పాటు దాని మేకు కూడా తనే ఊడబీకి ఇచ్చింది.

బుధవారం సాయంత్రానికి అంతా బిగిసింది. తాడు వాసం నుంచి కిందికి, కింది నుంచి పైకి, మళ్ళీ కిందికి తిరిగి చేతికి వచ్చింది. చివర కూర్చునే బల్లకు బుచ్చయ్య ఒక కొయ్య మేకు కూడా దిగగొట్టాడు, తాడు ఒక చుట్టు దాని మీదుగా పోయేటట్టు. గాలి నిన్నటిలాగే ఉంది. తాడు పట్టి గుంజాడు. వాసం పిల్లిలా దగ్గరికి వచ్చింది.

"రాయే, నువ్వు పట్టి చూడు," అని పెళ్ళాన్ని పిలిచాడు.

రామమ్మ చంకలో బట్టల మూట దించకుండానే ఒక్క చేత్తో గుంజింది. వచ్చింది. వదిలింది, పోయింది. మళ్ళీ గుంజింది, కొంచెం వదిలింది, ఆపింది, ఇంకొంచెం వదిలింది. బుచ్చయ్య మోట కొట్టినన్నాళ్ళూ ఆమె పని మడవ దగ్గర. పార పట్టుకుని ఈ మడికి నీళ్ళు విడవడం, ఆ మడికి కట్టడం. నీళ్ళు ఎప్పుడు ఎక్కువవుతాయో, ఎప్పుడు తక్కువవుతాయో కాళ్ళకు తగిలే చలువను బట్టే ఆమెకు తెలిసేది. తాడు కూడా ఆమెకు అట్లాగే తెలిసింది.

"అవ్వో, గిదేంది, గింత అలకగున్నది! ముసల్ది గూడ పడతది గదా దీన్ని."

ఆ మాట బుచ్చయ్యకు గుచ్చుకుంది. ముసలిది కూడా పట్టేదానికి ఆయన దేనికి? గబగబా తాడు లాక్కుని, మేకు మీదుగా తిప్పి, తొడ కిందికి తీసుకుని దాని మీద కూర్చున్నాడు.

"గట్ల పట్టుడు గాదే. గిట్ల కూసోవాలె. కూసుంటేనే బలం."

"చేత్తోటి ఆగేదాని మీద కూసునుడెందుకు?"

"మోట కొట్టినవా నువ్వు?"

"గిది మోట గాదు గద!"

"అత్త చెప్పింది నిజమే మామా," అన్నాడు చుక్కాని దగ్గర నుంచి భిక్షం. "కొలతల దొర ఒక్కటే చెప్పేటోడు నాకు. గాలి బగ్గ కొట్టినప్పుడు పడవ ఒరుగుతది, ఫికర్ చెయ్యకు, తాడు ఇడ్సిపెట్టు, అడుగున ఇనుమున్నది, తనంతల తనే లేస్తదని."

"ఇడువుడేందిరా? ఇడ్సెటోడికి తాడెందుకు? నా చేతుల ఇంతవరకు తాడు జారలె. అడుగు ఊర్ల ఎవర్నన్న."

భిక్షం చుక్కాని కట్టేసి దిగిపోయాడు. పెద్ద మనిషితో వాదనెందుకు? ఆ రాత్రి అన్నం తింటూ బుచ్చయ్య, సర్కారు పుస్తకంలో తన పేరు ఎట్లా రాస్తారోనని ఆలోచించాడు. మోట బుచ్చయ్య అని రాస్తారా, పడవ బుచ్చయ్య అని రాస్తారా?

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట," అంది రామమ్మ గటక వడ్డిస్తూ. కానీ ఇంకో ముద్ద ఎక్కువే వేసింది. గిన్నె దగ్గర ఆయన పాట ఒకటి గొణుగుతున్నాడు. ఏడాది తరువాత.

శుక్రవారం రఘుపతి సారు వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, తెల్ల ప్యాంటు, నెత్తిన టోపీ, చంకలో పుస్తకం. మంచివాడే కానీ ఈత రాదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. రేవులో ఊరంతా ఉంది.

"ఇదిగో చూడండి, వట్టి పడవ దాటించడం గొప్ప కాదు. రోజూ ఎట్లా పోతుందో అట్లానే పోవాలి. మనుషులు ఎక్కండి," అన్నాడు.

ఊరంతా ఒకడుగు వెనక్కి వేసింది. గిలక ఇచ్చిన గోపమ్మ అందరికన్నా రెండడుగులు ఎక్కువ వేసింది.

"తియ్, ఎవరెక్కకుంటే నేనెక్కుత," అని రామమ్మ వంకాయల గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. "ఎట్లయిన అంగడికి పోవాలె. మునిగితే ఇద్దరం ఒక్కపారే మునుగుతం, ఏడ్సెటోళ్ళకు గూడ ఒక్క పూటల పని ఐతది."

"అమ్మా, అట్లాంటి మాటలు అనకండి," అన్నాడు సారు ముఖం పాలిపోయి.

పడవ కదిలింది. చుక్కాని దగ్గర భిక్షం, తాడు దగ్గర బుచ్చయ్య, నడుమ గంపతో రామమ్మ, ముందు అంచున రెండు చేతులా చెక్క పట్టుకుని సారు. సగం దూరం ఎంత హాయిగా పోయిందంటే, బుచ్చయ్య వేలితో తాడు ఆడిస్తూ వెనక్కి వాలి కూర్చున్నాడు. గిలకలు కిచకిచమన్నాయి. తెరచాప నిండుగా పొంగింది. గట్టు మీది జనం చిన్నగా అయిపోయారు.

"బ్రహ్మాండంగా ఉందయ్యా!" అన్నాడు సారు, ధైర్యం వచ్చి ఒక చెయ్యి వదిలి. "ఎవరు చెప్పారు నీకీ ఏర్పాటు?"

"ఎవ్వరు చెప్తరు సారూ, ఎద్దులు చెప్పినయి," అని బుచ్చయ్య గొంతెత్తి పాట అందుకున్నాడు. నీళ్ళ మీద ఆ గొంతు దూరం పోయింది. రామమ్మ గంప మీద గడ్డం ఆనించి విన్నది. అంత మంచి పూట ఆమెకు ఈ మధ్య ఏదీ దొరకలేదు.

నడి నీళ్ళలోకి వచ్చాక పడమటి గట్టు మీద దుమ్ము లేచింది. భిక్షం ముందు చూశాడు.

"మామా, గాలి వస్తాంది. తాడు చేతుల వట్టుకో."

"రానీ."

వచ్చింది. మామూలు గాలి కాదు, నీళ్ళను నల్లగా గీరుకుంటూ వచ్చిన గాలి. తెరచాప ఫట్టున బిగిసింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. తాడు బుచ్చయ్య చేతిని గుంజింది. ఆయన ఏమీ ఆలోచించలేదు. ముప్పై అయిదేళ్ళు ఆలోచించకుండా చేసిన పనే చేశాడు. ఎగిరి తాడు మీద కూర్చున్నాడు.

ఎద్దులకైతే అది సాయం. పడవకు అది ఉరి. తెరచాప లోపలికి బిగిసిన కొద్దీ పడవ ఇంకా ఒరిగింది, అంచు మీదుగా నీళ్ళు గలగలా లోపలికి వచ్చాయి. అవి చూసి బుచ్చయ్య ఇంకా గట్టిగా కూర్చున్నాడు. సారు టోపీ తీసి దానితో నీళ్ళు తోడుతూ, కళ్ళు గట్టిగా మూసుకుని దేవుళ్ళను పేరుపేరునా పిలుస్తున్నాడు. కుడితిలో పడ్డ ఎలుకలాగా ఉంది ఆయన పని.

"ఇడువు మామా! ఇడువు!" అని భిక్షం ఒర్లాడు.

బుచ్చయ్యకు వినపడింది. వినపడినా చెయ్యి వినలేదు. వదిలితే ఎద్దులు పోతాయి. ఎద్దులు లేవని ఆయనకు తెలుసు, చేతులకు తెలియదు. మెడ నరాలు ఉబ్బాయి. ఇంకో చెంబెడు నీళ్ళు వస్తే పడవ బోర్లా పడేదే.

"ఇగో! ఓ అయ్య! ఇంటున్నవా! ఇగో!" అని రామమ్మ అరిచింది. ఆయన తల తిప్పలేదు. ఇగో అన్న పిలుపు ముప్పై రెండేళ్ళుగా రోజుకు వందసార్లు విన్నదే. అన్నానికి ఇగో, నీళ్ళకు ఇగో, రాళ్ళేరడానికి ఇగో.

అప్పుడు రామమ్మ గుండె నిండా గాలి పీల్చుకుని అరిచింది.

"ఒరే బుచ్చిగా! ఇడువురా తాడు!"

పెనిమిటి పేరు నోట రావడమంటే మాటలా? పేరంటంలో నలుగురూ పట్టుబట్టి, పేరు చెప్తే గాని గడప దాటనియ్యమన్నా, నాలుక కరుచుకుని తప్పించుకున్న మనిషి ఆమె. జనాభా లెక్కల వాళ్ళు వచ్చినప్పుడు పక్కింటి గోపమ్మ చేత చెప్పించింది. అట్లాంటిది, పేరు పెట్టడమే కాదు, ఒరే అంది. బుచ్చిగా అంది. రా అంది.

బుచ్చయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. గాలిని చూసి కాదు, పెళ్ళాన్ని చూసి. నోరు తెరుచుకుంది, కళ్ళు తెరుచుకున్నాయి, వాటితో పాటు చేతులు కూడా తెరుచుకున్నాయి. తాడు తొడ కింద నుంచి సర్రున లాక్కుపోయింది. ఆయన కాళ్ళు పైకి లేచి, వెల్లకిలా పోయి వంకాయల గంపలో పడ్డాడు.

వాసం బయటికి తన్నుకుపోయింది. తెరచాప టపటపా కొట్టుకుంది. పడవ ఒక్క క్షణం ఎటూ తేల్చుకోలేనట్టు ఆగి, అడుగున ఇనుము లాగినట్టుంది, మెల్లగా లేచి నిటారుగా నిలబడింది.

"సచ్చినదానా, తాడు కొస పట్టుకో," అని తనను తనే తిట్టుకుంటున్నట్టు గొణుక్కుంటూ, రామమ్మే వంగి జారిపోతున్న తాడు కొసను మేకు దగ్గర పట్టుకుంది. కూర్చోలేదు. ఒక కాలు బల్లకు తన్ని నిలబడింది. కొంచెం గుంజింది. తెరచాప గాలి పట్టుకుంది. గాలి ఎక్కువైంది, కొంచెం వదిలింది. తగ్గింది, గుంజింది. ఇటు మడికి కొంత, అటు మడికి కొంత. భిక్షం చుక్కాని తిప్పాడు. పడవ కేతేపల్లి గట్టు వైపు తల పెట్టి బుద్ధిగా నడిచింది. గాలి ఇంకా నాలుగుసార్లు మీద పడింది. నాలుగుసార్లూ ఆమె వదిలింది, నాలుగుసార్లూ మళ్ళీ పట్టింది. గంపలో నుంచి లేవకుండా బుచ్చయ్య ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాడు. తాడు అట్లా కూడా పడతారని ఆయనకు ఇంతవరకు తెలియదు.

ఒడ్డు తగిలాక గాని సారు కళ్ళు తెరవలేదు. నేల మీద కాలు పెట్టి, నేల నిజమేనని రెండుసార్లు తొక్కి చూసుకుని, టోపీ పిండుకున్నాడు. అప్పటికి బుచ్చయ్య లేచి, రామమ్మ చేతిలోని తాడు అందుకుని ఒడ్డున మొద్దుకు కడుతున్నాడు.

"శభాష్ బుచ్చయ్యా! నేను చచ్చాననే అనుకున్నా. సరైన సమయానికి వదిలావు చూడు, అదీ పనితనమంటే! ఇంకెవడైనా అయితే బిగపట్టి ముంచేసేవాడు," అన్నాడు సారు. పుస్తకం తడవలేదు. తెరిచి, కలం మూత తీశాడు. "పడవ మీకే ఉంటుంది. లారీ రావద్దని కబురు పెడతాను. చుక్కానికి భిక్షం. తాడుకు బుచ్చయ్య. అంతేగా?"

భిక్షం మామ ముఖం చూశాడు. రామమ్మ చితికిన వంకాయలు ఏరుకుంటూ తల ఎత్తలేదు. ఆ క్షణంలో ఆయన ఔనంటే ఆమె ఎన్నటికీ కాదనేది కాదు. ఊర్లో ఎవరికీ చెప్పేది కూడా కాదు.

బుచ్చయ్య తన చేతులు చూసుకున్నాడు. మంచి చేతులు. ముప్పై అయిదేళ్ళు తప్పు చేయని చేతులు. కలం కొస కాగితానికి తగలబోతోంది.

"ఆగుండ్రి సారూ," అన్నాడు. "నా పేరు రాయకుండ్రి."

"అదేమిటయ్యా?"

"నేను ఇడువలె. ఆమె ఒర్లితే ఇడ్సిపోయింది. రేపు మల్ల గాలొస్తే మల్ల గట్లనే కూసుంట. నా చేతులు గంతే, ఇగ మారయి. మనుషులెక్కే పడవ గిది." తల తిప్పి రామమ్మ వైపు చూపించాడు. "ఒడ్డుకు తెచ్చింది గామె. గామె పేరు రాయిండ్రి."

ఈ మాట చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమైందో చూసిన వాళ్ళకు తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

సారు ఒకసారి ఆమెను, ఒకసారి తాడును చూశాడు. ఆడమనిషి పేరు ఇట్లాంటి పుస్తకంలో ఆయన ఇంతవరకు రాయలేదు. కానీ తను బతికి ఉన్నాడు కదా, అది చాలనుకున్నట్టున్నాడు.

"పేరు చెప్పమ్మా."

"రామమ్మ," అంది ఆమె మెల్లగా.

"భర్త పేరు?"

రామమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముఖం కుంకుమలాగా అయింది.

"చెప్పత్తా," అన్నాడు భిక్షం పగలబడి నవ్వుతూ. "నడి నీళ్ళల్ల అంత మంచిగ చెప్పినవ్. ఒరే గూడ పెట్టినవ్. మల్లొక్కసారి చెప్పు, సారు రాసుకుంటడు."

"నీ నోట్ల మన్నువడ! అప్పుడు పాణం మీదికి వచ్చె. ఇగ సస్తే చెప్ప."

సారు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. రామమ్మ కొంగు చాటు నుంచి పెనిమిటి వైపు చూసింది, నువ్వే చెప్పుకో అన్నట్టు. ఆ చూపులో ఎన్నడూ లేని బెరుకు ఉంది, తను అన్న మాటకు ఆయన మనసు నొచ్చుకుందేమోనని.

బుచ్చయ్య ముక్కు చీదుకుని, తలగుడ్డ సరిచేసుకుని, సారు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"బుచ్చిగాడు అని రాయిండ్రి సారూ," అన్నాడు.

రామమ్మ నవ్వు ఆపుకోలేక వంకాయల గంప పక్కనే కూలబడింది.